పచ్చ వైరుకు చుట్టిన టేపు

మా ఇంటి వరండాలో ఇత్తడి లైటు బిగించింది నేనే. ఈ ఒక్క ముక్క పైకి చెప్పడానికి నాకు పదిహేడు రోజులు పట్టింది. ఈలోపు ఒక పెద్దాయనకు కళ్లు పోయాయని మా సందంతా చెప్పుకుంది. ఆయనకు పని చెప్పేవాళ్లు చెప్పడం మానేశారు. నాకు డైరీ రాసే అలవాటు ఉంది. ఆ పదిహేడు రోజుల పేజీలు ఇప్పుడు తీసి చూస్తే వాటిలో వాన గురించి ఉంది, ఆఫీసుకు వెళ్లే బస్సు గురించి ఉంది, అప్పుడు చదువుతున్న నవల గురించి రెండు పేజీలు ఉన్నాయి. ఈ సంగతి మాత్రం లేదు. ఎవరూ చదవని పుస్తకంలో కూడా దాచుకున్నాను. అందుకే ఇప్పుడు మొదటి నుంచి రాస్తున్నాను.

మా ఇల్లు సుబేదారిలో ఒక వెనక సందులో ఉంటుంది. నాన్నకు వరంగల్ బజారులో బట్టల దుకాణం. ఇంట్లో అమ్మ, నానమ్మ, నేను. నేను పుట్టకముందు ఈ ఇల్లు కట్టినప్పుడు వైరింగ్ చేసినాయన్నే ఇప్పటికీ కరెంటు పనికి పిలుస్తాం. ఆయన కాజీపేటలో రైలు పట్టాల పక్క వాడలో ఉంటాడు. ఇంట్లో అందరం ఆయన్ను కాక అంటాం, నాన్నతో సహా. బజారులో కరెంటు సామాన్లు అమ్మే దుకాణం ఒకటుంది. అక్కడ ఫ్యానో లైటో కొన్నవాళ్లు బిగించే మనిషి కావాలని అడిగితే ఆ దుకాణం సేటు కాక నంబరు ఇస్తాడు. కాకకు దొరికే పనిలో ఎక్కువ భాగం ఆ నోటి మాట మీద వచ్చేదే.

పోయిన ఎండాకాలం మా ఇంటి స్విచ్చులు మార్చాల్సి వచ్చింది. పాతవి పసుపు రంగుకు తిరిగాయి, రెండు మూడు పగిలాయి, వంటింట్లో ఒకటి నొక్కినప్పుడల్లా చిటపటలాడేది. కాక వచ్చిన రోజు నాకు సెలవు. వరండాలో పుస్తకం పట్టుకుని కూర్చుంటే లోపలి నుంచి పిలిచాడు.

"బిడ్డా, జర టార్చ్ పట్టుకుంటవా?"

పట్టుకున్నాను. స్క్రూడ్రైవరు కొనను స్క్రూ గాడిలో పెట్టడానికి ఆయన మూడుసార్లు తడుముకున్నాడు. నేను చూశానని ఆయనకు తెలిసింది.

"కంట్లె పొర వచ్చింది," అన్నాడు గొంతు తగ్గించి. "వచ్చే నెల ఆపరేషన్. అప్పటిదాక ఎవరికి చెప్పకు బిడ్డా. కరెంటు పనోనికి కండ్లు కనవడ్తలేవంటే ఇంకెవడు పిలుస్తడు?"

చెప్పనన్నాను. ఆ తర్వాత సన్న స్క్రూలన్నీ నా చేతికే ఇచ్చాడు. ఆయన పక్కన నిలబడి చెబుతుంటే నేను చేశాను.

"మెయిన్ బంద్ జేసినవా?"

"చేసిన కాక."

"ఇంట్ల అందరికి చెప్పినవా? నువ్విక్కడ వైరు పట్టుకున్నంక, టీవీ వస్తలేదని మీ నానమ్మ పోయి మెయిన్ ఏసిందనుకో, అయిపోయె."

"నేనెందుకు ఏస్తరా," అంది నానమ్మ లోపలి గదిలోంచి. "నా సీరియల్ పొద్దుమూకినంక."

ఏది చెప్పినా ఆయన కారణం కూడా చెప్పేవాడు. "మెయిన్ తియ్యకముందు ఒకసారి టెస్టర్ పెట్టి చూడు, వెలుగుతాందా. తీసినంక మళ్ల చూడు, ఆరిందా. ముందుగాల చూడకుంట తర్వాతనే చూస్తివనుకో, టెస్టరే ఖరాబై ఉండొచ్చు. బతికున్న వైరు గూడ చచ్చినట్టే కనవడ్తది." పాత స్విచ్చు ఊడదీసే ముందు ఏ వైరు ఎక్కడుందో ఫోనులో ఫోటో తీసుకోమన్నాడు. స్విచ్చు దగ్గర తెగాల్సింది కరెంటు వచ్చే ఎర్ర వైరే కానీ నల్లది కాదన్నాడు. నల్లదాన్ని తెంపితే లైటు ఆరుతుందట, కానీ హోల్డరులో కరెంటు అలాగే ఉంటుందట. స్క్రూ బిగించాక వైరును ఒకసారి గుంజి చూడమన్నాడు. రాగి తీగ బయటికి కనబడితే మళ్లీ విప్పించాడు.

ఆఖరి స్విచ్చు దగ్గర వరండా గోడ చూపించి ఇంకో మాట చెప్పాడు.

"ఇక్కడున్నయన్ని ప్లాస్టిక్ హోల్డర్లు, రెండు వైర్లతోని నడుస్తాంది. రేపు మీ నాయిన షోకుకు ఇనుపదో ఇత్తడిదో తెస్తడు. దానికి మూడో వైరు ఉంటది, పచ్చది. లోపల ఏదన్న తేడా వచ్చి లైటు బాడీకి కరెంటు ఎక్కితే ఆ వైరు దాన్ని భూమిలకు కొట్టేస్తది. మీ వరండ గోడల ఆ వైరు లేదు, అప్పట్ల గుంజలే. అది గుంజినంకనే ఇత్తడిది పెట్టాలె. లేకుంటే పెట్టద్దు. బుక్కుల రాసుకో."

రాసుకున్నాను. ఆ రోజు పేజీలో ఆ మాట ఉంది, దాని కింద గీత కూడా ఉంది.

వెళ్లేటప్పుడు స్విచ్చుబోర్డు మీద అరచేత్తో నిమిరి, "నాకన్న సాఫ్‌గ చేసినవ్ బిడ్డా," అన్నాడు. క్లాసులో సమాధానం తెలిసినా చేయి ఎత్తని పిల్లను నేను. ఆఫీసులో నా పేరు సగం మందికి తెలియదు. ఆ మాటను ఎన్నో రోజులు లోపల్లోపల తిప్పుకుంటూ తిరిగాను.

అనుకున్నట్టే కాకకు కంటి ఆపరేషన్ అయింది, అయ్యాక ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పుకున్నాడు. బతుకమ్మ ఇంకో వారం ఉందనగా నాన్న ఇత్తడి లైటు తెచ్చాడు. గోడకు బిగించేది, పువ్వు రేకుల్లా అంచులున్నది.

"కాకకు ఫోన్ చెయ్," అన్నాడు నాతో. "నువ్వు మాత్రం ముట్టుకోకు. స్విచ్చులు మార్చిన అని ఎగురుతానవ్, కరెంటుతోని ఆటలొద్దు."

నాకు ఫోన్ చేయడం చేతకాదు. ఎవరికైనా చేయాలంటే ఏం మాట్లాడాలో ముందు కాగితం మీద రాసుకుంటాను. కాక నంబరు ఒకసారి నొక్కి, మోగకముందే ఆపేశాను. సిగ్గు ఒక్కటే కారణమని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆ లైటు నా చేత్తో పెట్టాలని నాకు ఆశ ఉంది.

ఆ ఆదివారం అమ్మ తొర్రూరులో వాళ్ల అక్క ఇంటికి వెళ్లింది, నాన్న దుకాణానికి వెళ్లాడు. నానమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నేను మొదలుపెట్టాను. టెస్టర్ పెట్టి చూశాను, మెయిన్ తీశాను, మళ్లీ చూశాను. నానమ్మకు చెప్పాను. ఫోటో తీశాను. పాత నల్ల హోల్డరు విప్పాను. గోడలోంచి రెండు వైర్లు వచ్చాయి. ఇత్తడి లైటులోంచి మూడు వచ్చాయి. పచ్చ వైరు కొన నా వేళ్ల మధ్య ఉంది, దాన్ని కలపడానికి గోడలో ఏమీ లేదు.

తెలియక చేశానని రాస్తే ఈ పేజీ కూడా అబద్ధమే అవుతుంది. నాకు తెలుసు. కాక చెప్పిన మాట, నేను గీసిన గీత, అన్నీ గుర్తున్నాయి. కానీ అక్కడ ఆపేస్తే కాకకు ఫోన్ చేయాలి, నాకు రాలేదని చెప్పాలి, సాయంత్రం నాన్నకు హోల్డరు ఊడిన గోడ చూపించాలి. పచ్చ వైరు కొనకు నల్ల టేపు చుట్టి లోపలికి తోశాను. మూడు వైర్లూ మడతపడి వెనక ప్లేటు గోడకు సరిగా ఆనలేదు. బలంగా నొక్కిపట్టి స్క్రూలు బిగించాను. మెయిన్ వేస్తే లైటు వెలిగింది.

"అబ్బ, లగ్గమింటి లెక్క కొడ్తాంది," అంది నానమ్మ చాట పక్కన పెట్టి.

సాయంత్రం నాన్న చెప్పులు విప్పుతూ దాని వైపు చూశాడు. "కాక పని కాక పనే. ఆపరేషన్ అయినంక చెయ్యి ఇంక సాఫయింది."

నానమ్మ నా వైపు చూసింది. నేను నాన్న తాగిన నీళ్ల చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను. ఆ రోజు డైరీలో రాసింది ఇంతే: వరండాలో కొత్త లైటు, బాగుంది.

దసరా నాడు మా ఇంట్లో పనిముట్లన్నిటికీ పసుపు కుంకుమ పెడతారు. నాన్న దుకాణంలో పూజ చేసుకోవడానికి పొద్దున్నే వెళ్లిపోతాడు. ఇంట్లో అది నానమ్మ పని. తలంటుకుని, తడి జుట్టు ముడేసుకుని, గిన్నెలో పసుపు తడిపి బయలుదేరుతుంది. నీళ్ల మోటరు, మిక్సీ, కుట్టుమిషను, అమ్మ కత్తిపీట, గ్యాసు పొయ్యి, దేన్నీ వదలదు. నా ల్యాప్‌టాప్ దగ్గరికి కూడా వచ్చింది.

"స్క్రీను మీద వద్దు నానమ్మా, ఖరాబైతది."

"మూత మీదనే పెడ్తాన తీయే. ప్రమోషన్ వస్తది."

"ఈ బొట్టు చూసి మా మేనేజర్ నవ్వుతడు."

"ఆయనకు గూడ పెడ్తా రమ్మను."

అలా నవ్వుకుంటూనే వరండాలోకి వెళ్లింది. పండుగ కాబట్టి తెల్లవారకముందు నుంచే లైట్లన్నీ వేసి ఉన్నాయి. అమ్మ అప్పుడే నీళ్లు కొట్టి కడిగింది, లైటు కింద అరుగులా ఉన్న రాతి గద్దె ఇంకా తడిగా ఉంది. "కొత్తదాన్నే మరిచిపోతాన," అంటూ నానమ్మ ఆ గద్దె ఎక్కింది. తడి పసుపు అంటిన ఉంగరపు వేలు ఇత్తడి రేకుకు ఆనించింది.

నేను చీరకు పిన్ను పెట్టుకుంటూ గుమ్మంలో ఉన్నాను. నానమ్మ గొంతులోంచి ఎక్కిలిలాంటి చిన్న చప్పుడు వచ్చింది. చేయి విదిలించినట్టయి వెనక్కి పడింది. పసుపు గిన్నె మెట్ల మీద దొర్లుకుంటూ వాకిట్లోకి వెళ్లింది.

ఆ క్షణంలో నాకు మొదట గుర్తొచ్చింది నానమ్మ కాదు, పచ్చ వైరు. ఇది రాయడానికి చాలాసేపు ఆగాను.

లైటు ఆర్పి, అమ్మను కేకేశాను. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. మణికట్టు ఎముక విరిగింది. గుండె పరీక్షలు చేసి, భయం లేదు, సాయంత్రం దాకా ఉంచండి అన్నారు. కట్టు కట్టే నర్సు నానమ్మ వేలికున్న పసుపు చూసింది.

"లైటుకు బొట్టు పెట్టినవా అవ్వా?"

"మరి పండుగ పూట కొత్తదానికి పెట్టద్దా?"

"పెడితె పెడితివి, ఆర్పి పెట్టాలె గద."

"దీపం ఆర్పి ఎవరన్న మొక్కుతరా?" అంది నానమ్మ. నర్సు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అమ్మ మందులకు వెళ్లినప్పుడు నానమ్మ మంచి చేత్తో నన్ను దగ్గరికి గుంజింది. "నువ్వే పెట్టినవని మీ నాయినకు చెప్పకు. పండుగ పూట లొల్లయితది. కాకకేంది, మగోడు, నాలుగు మాటలు పడ్తడు, పోతడు. రేపు నీకు సంబంధం చూసేటప్పుడు, ముసల్దానికి కరెంటు పెట్టిందట ఈ పిల్ల అంటరు."

ఆ మాట విన్నప్పుడు నాకు ఊపిరి తేలికైంది. చెప్పకపోవడానికి ఒక పెద్దమనిషి అనుమతి దొరికిందనిపించింది.

దసరా సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి చేతిలో పెట్టి పెద్దవాళ్లకు మొక్కుతారు, తోటివాళ్లను కౌగిలించుకుని అలాయ్‌బలాయ్ చేసుకుంటారు. మేం దవాఖాన నుంచి వచ్చేసరికే సందులో వాళ్లు ఏడెనిమిది మంది కొత్త బట్టల్లో మా వాకిట్లో ఉన్నారు. అప్పుడే కాక గేటు తీసుకుని వచ్చాడు. ఏటా వస్తాడు. చొక్కా జేబులో జమ్మి రెమ్మ ఉంది. నాన్న చేయి చాచలేదు.

"ఏం లైటు పెట్టినవయ్యా? మా అమ్మ సచ్చిపోతుండె పొద్దుగాల."

"ఏ లైటు సేటు?"

"ఏ లైటంటవా. అగో."

కాక తలెత్తి చూశాడు. "అది నేను పెట్టలే సేటు."

"నువ్వు పెట్టక నేను పెట్టిన్నా? కండ్లు కనవడ్తలేవంటే చెప్పద్దా? ఇంకొకన్ని చూసుకుంటుంటిమి గద."

"కండ్లకేమైంది? ఆపరేషన్ అయినంక సూదిల దారం ఎక్కిస్తాన."

పండుగ బట్టల్లోనే ఆయన అమ్మను స్క్రూడ్రైవరు అడిగాడు. మెయిన్ తీయించి, గద్దె ఎక్కి లైటు విప్పాడు. ప్లేటు అంచు ఎర్ర వైరు మీది తొడుగును కోసింది. అది నాన్నకు చూపించాడు. "ఇగో, ఈడ తెగి కరెంటు ఇత్తడికెక్కింది. ఈ పచ్చది భూమికి కలిపి ఉంటే అప్పుడే ఫ్యూజు కొట్టేసి బంద్ అయితుండె. దీన్నిట్ల చుట్టి ఇడిసిపెట్టేది నా పని కాదు."

"ఇప్పుడు నాకు పాఠం చెప్తానవా?" అన్నాడు నాన్న.

కాక టేపు చుట్టిన కొనను వేళ్లతో పట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"బిడ్డా, నువ్వు చెప్పు. ఈ లైటు పెట్టెటానికి నేను మీ ఇంటికొచ్చిన్నా?"

వాకిట్లో అందరూ నన్ను చూశారు.

"నేనప్పుడు ఇంట్ల లేను," అన్నాను.

ఫోనులో హలో అనడానికి కూడా రాసుకునే దాన్ని. ఆ అబద్ధం మాత్రం ఏ తడబాటూ లేకుండా వచ్చింది. కాక తల ఊపాడు. జేబులోని జమ్మి రెమ్మ తీసి, ఎవరి చేతిలోనూ పెట్టకుండా గద్దె మీద పెట్టి వెళ్లిపోయాడు.

నాన్న మరుసటి రోజే బజారులో కరెంటు దుకాణం సేటుకు చెప్పాడు. ఆ సంగతి నాకు వారం తర్వాత పక్కింటి ఆంటీ ద్వారా తెలిసింది. వాళ్లింట్లో ఎవరో కొత్తాయన గీజరు బిగిస్తున్నాడు.

"కాక రాలేదా ఆంటీ?"

"ఆయనకు కండ్లు పోయినయట గదనే. మీ నాయిననే చెప్పిండు. దుకాణమోళ్లు గూడ పంపుతలేరట. మీ నానమ్మను చూసినంక ఎవరికి భయం గాదు?"

అవునన్నట్టు తల ఊపి వచ్చేశాను. ఆ రోజు డైరీలో నవల గురించి రాశాను.

దసరా నుంచి లెక్కేస్తే పదిహేడో రోజు పొద్దున బస్సు కూలీల అడ్డా దగ్గర ఆగింది. అక్కడ మేస్త్రీలు, రంగులేసేవాళ్లు, మట్టి పనివాళ్లు ఆ రోజు పని కోసం నిలబడతారు. వాళ్ల మధ్య కాక ఉన్నాడు, భుజానికి పనిముట్ల సంచితో. ఎవరో మోటారు సైకిలు మీద వచ్చి ఆగితే, అందరితో పాటు ఆయన కూడా ముందుకు జరిగాడు. వచ్చినవాడు ఇద్దరు కుర్రవాళ్లను ఎంచుకున్నాడు. కాక మళ్లీ వెనక్కి వచ్చి సంచి కింద పెట్టాడు. నేను కిటికీలోంచి ముఖం తిప్పుకున్నాను. ఆయన చూడలేదు. చూసి ఉంటే ఆ సాయంత్రం నాకు నోరు వచ్చేదో లేదో తెలియదు.

అన్నం తినేటప్పుడు చెప్పాను. "నాన్నా, ఆ లైటు నేనే పెట్టిన. కాక రాలే."

నాన్న చేయి కంచంలోనే ఆగింది. "నువ్వా? ముట్టుకోవద్దన్న గద."

"అన్నవ్."

"నేను చెప్పద్దన్న గదనే," అంది నానమ్మ, కట్టు కట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని.

నాన్న అరుస్తాడనుకున్నాను. అరవలేదు. గొంతు తగ్గించి అన్నాడు. "ఇగ ఈ ముచ్చట తియ్యకు. నలుగురి ముంగట అన్న. బజార్ల గూడ చెప్పిన. ఇప్పుడు పోయి, తప్పయిందని నిలబడాల్నా? నా మాటకు ఇజ్జత్ ఉంటదా? కొన్ని రోజులైతే ఆయనే ఏదో పని దొరికిచ్చుకుంటడు."

"అడ్డా మీద నిలబడ్తాండు నాన్నా."

ఆయన చేయి కడుక్కుని లేచాడు.

మర్నాడు ఆఫీసు నుంచి నేరుగా బజారుకు వెళ్లాను. చెప్పాల్సిన మాటలు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకున్నాను. దుకాణంలో ఐదారుగురు ఉన్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామనుకున్నాను. కాకను నలుగురిలో అన్నారన్న మాట గుర్తొచ్చింది. ఆగలేదు.

"ఏం కావాలమ్మా?" అన్నాడు సేటు.

"సామాన్ కోసం రాలేదు." కాగితం తీయకుండానే చెప్పాను, ఎవరి కూతురినో, ఏ లైటో, ఎవరు పెట్టారో. నా గొంతు నాకే సరిగా వినబడలేదు. సేటు మళ్లీ చెప్పమన్నాడు. రెండోసారి అందరికీ వినబడింది.

"చూసినవా సేటూ," అన్నాడు బల్బు కొనడానికొచ్చిన ఒకాయన. "ఆడపిల్లలే కరెంటు పెట్టుకుంటాన్రు. ఇగ నీ పనోళ్లు ఇంటికి పోవుడే."

ఒకరిద్దరు నవ్వారు. సేటు నవ్వలేదు. "మీ నాయిన వేరే చెప్పిండు గదమ్మా."

"నాన్నకు నేను చెప్పలేదు. ఆయనకు నిన్ననే తెలిసింది."

సేటు చేతిలోని వైరు చుట్ట బల్ల మీద పెట్టాడు. "నేను గూడ ముగ్గురు నలుగురికి చెప్పిన. వాళ్లకు ఫోన్ చేస్తా. కని ఇంకో ఆయన్ని మాట్లాడుకున్నంక ఇప్పుడు ఆయన్ని పొమ్మంటనా? ఉన్న పని ఇద్దరికి చెప్పాలె."

అంటే కాకకు ముందున్నంత పని ఇక రాదు. నేను చెప్పినా రాదు. అది అక్కడే అర్థమైంది.

అక్కడి నుంచి కాజీపేట వెళ్లాను. కాక భార్య నీళ్లిచ్చి, కుర్చీ వేసి, లోపలికి వెళ్లింది. కాక గుమ్మంలో చెప్పులకు కుట్టు వేసుకుంటున్నాడు. సూదిలో దారం ఎక్కించే ఉంది. నేను చెప్పిందంతా తల ఎత్తకుండా విన్నాడు.

"నువ్వు పెట్టినవని ఆ పొద్దే ఎర్క," అన్నాడు. "టేపు కొన లోపలికి మడిసి ఇడిసినవ్. అట్ల మడిసేటోన్ని నేనొక్కన్నే. నా కాడ చూసే నేర్చుకున్నవ్."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే కాక?"

"నిన్ను అడిగిన గద."

ఆయన ఇంకో కుట్టు వేశాడు. మళ్లీ ఆయనే అన్నాడు. "పచ్చ వైరు ముచ్చట నీకు సరిగ్గ చెప్పలేదేమో అనుకున్న. సగం నేర్పి ఇడిసిపెట్టిన, తప్పు నాదే అనుకున్న ఇన్నొద్దులు."

అక్కడ ఊరుకోవచ్చు. ఆయన నాకు దారి ఇచ్చాడు. "లేదు కాక. చెప్పినవ్. రాసుకున్న గూడ. తెలిసే పెట్టిన," అన్నాను.

సూది ఆగింది. అప్పటిదాకా ఆయన ముఖంలో కోపం కనబడలేదు. ఇప్పుడు కూడా అది కోపం కాదు. ఎవరో కొత్త మనిషి వచ్చి కూర్చున్నట్టు నన్ను చూశాడు.

"రాసుకున్నవా," అన్నాడు. అంతే.

లేచేటప్పుడు వరండాలో ఇప్పుడు ఏం ఉందని అడిగాడు. లైటు విప్పినప్పటి నుంచి గోడలోంచి వైర్లు అలాగే వేలాడుతున్నాయని చెప్పాను. మెయిన్ తీసి, రెండు కొనలకూ విడివిడిగా టేపు చుట్టి, ఆ స్విచ్చు ఎవరూ వేయకుండా చూడమన్నాడు. ఇంటికి వచ్చి పని చేస్తావా అని అడిగితే, దారం కొరికి అన్నాడు. "మీ నాయిన పిలవాలె. యాడ అన్నడో ఆడ్నే పిలవాలె."

ఆ మాట ఇంటికొచ్చి నాన్నకు ఉన్నదున్నట్టు చెప్పాను. కొనలకు టేపు చుట్టాను. దీపావళి దగ్గరికొచ్చింది, మా వరండా చీకటిగానే ఉంది. ఎవరినైనా పిలవమని నాన్న రెండుసార్లు అన్నాడు. వేరే ఎవరినీ పిలవనని, నేనూ ముట్టుకోనని రెండుసార్లూ చెప్పాను. ఆయనకు ఎదురు చెప్పడం నాకు అదే మొదటిసారి. "పండుగకు ఇల్లు చీకటేనా?" అని నానమ్మ గొణిగింది. అమ్మ మాత్రం, "చీకటైతే అయితది తీయిండ్రి," అంది.

పండుగ ముందు రోజు పొద్దున నాన్న వాకిట్లో అటూ ఇటూ తిరిగి, ఫోన్ తీసి, "కాకా, జర వచ్చిపో," అన్నాడు.

గంటకు కాక వచ్చాడు. సంచిలో పచ్చ వైరు చుట్ట పైకి కనబడుతోంది. గేటు దగ్గర ఆగిపోయాడు, లోపలికి రాలేదు. నాన్న గద్దె మీద కూర్చుని ఉన్నాడు. నేను వాకిలి ఊడుస్తున్నాను. పక్కింటి ఆంటీ గోడ మీదుగా చూసింది.

"మళ్ల ఆయన్నే పిలిచిన్రా అన్నా? కండ్లు కనవడయంటిరి గద."

కాక గేటు ఊచ మీద చేయి పెట్టి నిలబడే ఉన్నాడు.

"ఆయన కండ్లు మంచిగనే ఉన్నయ్," అన్నాడు నాన్న చివరికి. సందులో పాల ప్యాకెట్లు తెచ్చుకుంటున్న ఇద్దరు కూడా ఆగారు. "ఆ లైటు ఆయన పెట్టలే. మా పిల్ల పెట్టింది. తెల్వక ఆయన్ని అన్న."

ఆంటీ కళ్లు నా మీదికి తిరిగాయి. "నువ్వు పెట్టినవానే? మొన్న నేను చెప్తాంటే తల ఊపితివి గద."

లోపలికి వెళ్లిపోవడానికి నాలుగు అడుగులే. చీపురు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

"అవును ఆంటీ, నేనే. అది తప్పని తెలిసే పెట్టిన. ఆ రోజు ఇంట్ల లేనని అన్నది గూడ అబద్ధమే."

పాల ప్యాకెట్ల వాళ్లు కదిలారు. కాక చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు, నన్ను దాటుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు. "చెల్లే, మెయిన్ బంద్ చేస్తాన, రెండు గంటలు రాదు. ఫ్రిజ్‌ల ఏమన్న ఉంటే చూసుకో," అని అమ్మకు చెప్పాడు. నానమ్మకు, నాన్నకు కూడా విడివిడిగా చెప్పాడు. నాకు చెప్పలేదు.